మైకో పంపు నుంచి మెలేసిన రెండు తీగల దాకా: బండిలో పెట్టెలు మాట్లాడుకోకపోతే ఏమైతాది?

ఈసారి పోస్టు పొడుగుంటాది, తీరిక చూసుకోని చదవండి.

పోయిన ఏడాది ఉల్లిగడ్డల లోడు ఏసుకోని రాత్రిపూట కర్నూలు మార్కెట్ యార్డుకు పోతాంటిమి. కోడుమూరు దాటి కొంచెం దూరం పోయినామో లేదో, నా పికప్ బండి డ్యాష్‌బోర్డు మీద ఉన్న లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగినాయి. చెక్ ఇంజన్, ఏబీఎస్, ఇంకా నాకు పేరు తెలియనివి రెండు. స్పీడ్ ముల్లు సున్నాకు పడిపాయె. టెంపరేచర్ ముల్లూ పడిపాయె. ఇంజన్ మాత్రం తిరుగుతానే ఉంది, కానీ లాగే శక్తి లేదు. టీ కొట్టు కనిపిస్తే పక్కకు తీసి ఆపితి. అదే నేను చేసిన తప్పు. మళ్ళీ కీ తిప్పితే సెల్ఫ్ గిర్రుమంటాంది గానీ ఇంజన్ అందుకోదు. అరగంట అట్లే కూర్చున్నాం. మళ్ళీ తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది.

ఆ తర్వాత రెండు నెల్లు ఇదే వరస. ఒక వర్క్‌షాపులో స్కానర్ పెట్టి చూసి "ఇంజన్ కంప్యూటర్ పోయింది, కొత్తది ఏయాల, అరవై వేలు అయితాది" అన్నారు. ఇంకో చోట మీటర్ బోర్డు మార్చాలన్నారు. అరవై వేలంటే ఆ ఏడు నాకు ఉల్లిలో మిగిలినదాని కంటే ఎక్కువ. బండి అమ్ముదామనే అనుకున్నా. ఆఖరికి నంద్యాల పక్క ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, బోరు మోటార్ల వైండింగు నుంచి ఈ పనిలోకి వచ్చినోడు, చేతిలో మామూలు మల్టీమీటర్‌తో గంటలో పట్టినాడు. ఏం పట్టినాడో కిందికి పోయే కొద్దీ చెప్తా. ఆయన పని చేస్తా చేస్తా నాకు చెప్పిన కొన్ని మాటలు, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నవి కలిపితే ఈ కథ అయింది.

మన తరం డీజిల్ ఇంజన్లతో పెరిగింది. కపిల బావుల మీద ఎద్దులు పోయి ఆయిల్ ఇంజన్లు వచ్చిన కాలం మా నాయన చూసినాడు. ఆ ఇంజన్లకు గుండె ఏదంటే "మైకో పంపు" అనేవాళ్ళు. మైకో అంటే మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ. 1951లో పెట్టినారు, బెంగళూరు ఆడుగోడిలో ఫ్యాక్టరీ. జర్మనీ బాష్ కంపెనీ పరిజ్ఞానంతో స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ పంపులు, నాజిళ్ళు చేసేది. 2008లో పేరే బాష్ లిమిటెడ్ అని మారింది. ఈ బాష్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాది.

ఆ పంపులో కరెంటు అనేదే లేదు. కరెంటు తీగలు బండిలో ఎన్నుంటాయి? బ్యాటరీ, డైనమో, సెల్ఫ్, లైట్లు, హారన్. అంతే. రోగం పట్టడానికి చెవి, ముక్కు, చెయ్యి చాలు. నల్లపొగ వస్తే ఒకటి, తెల్లపొగ వస్తే ఇంకొకటి. గాలి పట్టిందంటే బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి చేత్తో ప్రైమ్ కొట్టి గాలి తీసేది. మా ఊర్లో చదువు రానోళ్ళు కూడా ఆ పని చేసేవాళ్ళు. తెలివి ఆ స్క్రూ చుట్టూనే తిరిగేది. అది మంచి కాలమే, కానీ ఆ పొగ మాత్రం మంచిది కాదు.

కథ మారింది పొగ వల్లనే. అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, కార్ల పొగతో ఊర్లు మసకబారిపోతాంటే చట్టాలు బిగించినారు. 1967లో ఫోక్స్‌వ్యాగన్ కారుకు బాష్ వాళ్ళు ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టినారు. పెట్రోలు ఎంత పోయాలో కార్బురేటర్ కాకుండా ఒక చిన్న పెట్టె లెక్కేసి చెప్తాది. 1978లో మెర్సిడెస్‌కు బాష్ ఏబీఎస్ వచ్చింది. బ్రేకు తొక్కితే చక్రం జారకుండా చూసే ఇంకో పెట్టె. తర్వాత గేర్లకు ఒకటి, ఏసీకి ఒకటి, ఎయిర్‌బ్యాగుకు ఒకటి.

ఇక్కడ చిక్కు మొదలైంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతాందో ఏబీఎస్ పెట్టెకు తెలుసు. అదే లెక్క గేరు పెట్టెకు కావాల, మీటరు ముల్లుకు కావాల, ఇంజన్ పెట్టెకు కావాల. ఒక్కో సమాచారానికి ఒక్కో తీగ లాగాలంటే ఏమైతాది? పది ఇండ్లకు పది ఇండ్ల నుంచీ విడివిడిగా కాలిబాట వేసినట్టు. తీగల కట్ట తొడ లావు అయింది, బరువు పెరిగింది, కలిపే చోట్లు పెరిగినాయి. కలిపిన చోటల్లా ఎప్పుడో ఒకప్పుడు ఊడే చోటే కదా.

1983లో అదే బాష్ కంపెనీలో ఇంజనీర్లు దీనికి మందు వెదకడం మొదలుపెట్టినారు. ఉవే కీంకే, సీగ్‌ఫ్రీడ్ డయాస్, మార్టిన్ లిట్షెల్ అనేవాళ్ళ పేర్లు ఈ పనిలో వినిపిస్తాయి. 1986 ఫిబ్రవరిలో అమెరికా డెట్రాయిట్‌లో ఆటోమొబైల్ ఇంజనీర్ల మహాసభలో దాన్ని బయటపెట్టినారు. పేరు కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్, పొట్టిగా "క్యాన్". మరుసటి ఏడాదే ఇంటెల్ వాళ్ళు దానికి చిప్పు చేసినారు. మెర్సిడెస్ ఎస్ క్లాస్ కార్లలో 1991-92 ప్రాంతంలో రోడ్డు మీదికొచ్చింది. 1993లో అంతర్జాతీయ ప్రమాణం అయింది, నంబరు ఐఎస్ఓ 11898. మా నాయన ఆయిల్ ఇంజన్‌కు పంపు చేసిన కంపెనీ మూలాలే, నా బండిని కోడుమూరు దగ్గర నిలబెట్టిన తీగలకు కూడా మూలం అన్నమాట. దాన్ని తప్పు పట్టడం లేదు, తీగ తెగింది నా బండిలో ఎలకల వల్ల. ఆ మాటకు వస్తా.

ఇది పని చేసేది ఎట్లంటే, రచ్చబండ దగ్గర పంచాయతీ అనుకోండి. పెట్టెలన్నీ రెండే రెండు తీగల మీద కూర్చుంటాయి. ఎవరు మాట్లాడినా అందరికీ వినపడతాది. "ఓయ్ ఫలానా, నీకే చెప్తాండా" అని పేరు పెట్టి పిలవడం లేదు. "చక్రం వేగం ఇంత", "నీళ్ళ వేడి ఇంత" అని విషయానికి ఒక నంబరు ఇచ్చి చెప్తారు. ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకుంటారు, మిగతావాళ్ళు వదిలేస్తారు.

ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే? ఇక్కడే ఆ జర్మనీవాళ్ళ తెలివంతా ఉంది. చిన్న నంబరు ఉన్న మాటకు ముందు వంతు. పెద్ద నంబరోడు మధ్యలోనే విని గుర్తుపట్టి నోరు మూసుకుంటాడు, గెలిచినోడి మాట చెడిపోదు, మళ్ళీ మొదటి నుంచి చెప్పే పనీ లేదు. బ్రేకుకు సంబంధించిన మాటకు చిన్న నంబరు ఇస్తే ఏసీ మాట దానికి అడ్డం రాదు. మన పంచాయతీల్లో ఈ పద్ధతి పెడితే ఎట్లుంటాదో ఆలోచించండి.

ఇంకొకటి కూడా ఉంది. ఏదైనా పెట్టె పదేపదే తప్పులు చేస్తా ఉంటే దానిలోనే ఒక లెక్క పెరుగుతాది. ఆ లెక్క 255 దాటితే ఆ పెట్టె తనంతట తానే పంచాయతీ నుంచి లేచి బయటికి పోతాది. చెడిపోయినోడు అందరి మాటనూ చెడగొట్టకుండా.

ఆ రెండు తీగలు ఎందుకు మెలేసి ఉంటాయంటే, దానికీ కారణం ఉంది. ఊరుకున్నప్పుడు రెండింటిలోనూ దాదాపు రెండున్నర వోల్టులు. మాట్లాడేటప్పుడు ఒకటి మూడున్నరకు ఎక్కుతాది, ఇంకొకటి ఒకటిన్నరకు దిగుతాది. పెట్టెలు చూసేది ఈ రెండింటి మధ్య తేడానే. సెల్ఫ్ మోటారు నుంచో హారన్ నుంచో వచ్చే గోల రెండు తీగల మీదా సమానంగా పడతాది కాబట్టి తేడా మారదు. మెలిక విప్పేసి దూరం దూరంగా జాయింట్లు ఏస్తే ఈ గుణం పోతాది. మన వైపు చానామంది చేసే పని అదే. విప్పి, కలిపి, నల్ల టేపు చుట్టి పంపిస్తారు.

తీగకు ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి, 120 ఓముల రెసిస్టర్లు ఉంటాయి. ఇవి ఎందుకో నాకు మొదట ఎక్కలేదు. పెద్దాయన కేసీ కాలువతో చెప్పినాడు. "నీళ్ళు జోరుగా వస్తాంటే కింద షట్టరు టక్కున దించి చూడు నాయనా, నీళ్ళు గోడకు కొట్టుకోని అల వెనక్కి తంతాది. ఆ రెసిస్టరు అలను అక్కడే తాగేస్తాది." సుంకేసుల నుంచి కడప దాకా పోయే ఆ కాలువను 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది, 1882లో ప్రభుత్వం కొనేసింది. పైన నీళ్ళు వదిలినారా లేదా అనే కబురు ఆఖరి ఆయకట్టుకు చేరక ఎన్ని కార్లు ఎండినాయో కడప పక్క రైతులకు తెలుసు. అదీ కమ్యూనికేషన్ ఫాల్టే అంటే తప్పేం కాదు.

ఇక రోగం పట్టే విద్య కథ. పెట్టెలు వచ్చినాక చెవి ముక్కుతో పని కాలేదు. మొదట్లో పెట్టెలే దీపం మిణుకుమనిపించి చెప్పేవి. 1980ల మొదట్లో జనరల్ మోటార్స్ కార్లలో సాకెట్‌లో రెండు పిన్నులు వైరు ముక్కతో కలిపితే చెక్ ఇంజన్ దీపం కొట్టుకుంటాది. ఒకసారి, ఆగి రెండుసార్లు, అంటే 12. పుస్తకం చూసి అర్థం తెలుసుకోవాల. ఒక్కో కంపెనీకి ఒక్కో సాకెట్, ఒక్కో భాష. బయటి మెకానిక్కు నానా తంటాలు.

మళ్ళీ కాలిఫోర్నియానే ముందుకొచ్చింది. పొగ పరికరాలు పనిచేస్తున్నాయో లేదో బండే చెప్పాలని 1988 మోడళ్ళ నుంచి నియమం పెట్టింది. అది చాలక, 1996 మోడళ్ళ నుంచి అమెరికా అంతా ఒకటే ఆకారం సాకెట్, 16 రంధ్రాలు, ఒకటే రకం కోడ్లు ఉండాలన్నారు. స్టీరింగ్ కింద చెయ్యి పెడితే తగిలేది అదే. ఏ కంపెనీ బండికైనా ఏ స్కానరైనా తగిలేటట్టు. బయటి మెకానిక్కుకు చట్టం తెరిచిన కిటికీ అనుకోవచ్చు. 2008 నుంచి అక్కడ ఆ సాకెట్‌లో మాట్లాడే భాష క్యానే అయ్యుండాలన్నారు. 6వ రంధ్రం ఒక తీగ, 14వ రంధ్రం ఇంకో తీగ. 16 బ్యాటరీ ప్లస్సు, 4, 5 ఎర్తు.

మన దేశంలో 2010లో బీఎస్ 4తో ఈ స్వయం తనిఖీ మొదటి మెట్టు, 2013లో రెండో మెట్టు వచ్చినాయి. కానీ 2010లో బీఎస్ 4 మొదలైంది 13 నగరాల్లోనే, అప్పటి మన రాష్ట్రంలో హైదరాబాదుకే. కర్నూలు, కడప లాంటి చోట్లకు చట్టం ప్రకారం పూర్తిగా దిగింది 2017 ఏప్రిల్ 1న, దేశమంతా అమల్లోకి వచ్చినప్పుడు. మూడేళ్ళకే 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6. అంటే బయట పాతికేళ్ళు మెట్లు మెట్లుగా నేర్చుకున్న విద్యను మన మెకానిక్కులు మూడు నాలుగేళ్ళలో మింగాల్సి వచ్చింది. నేర్పినోళ్ళు ఎవరు? యూట్యూబు. అందుకే నేను ఆ వర్క్‌షాపు వాళ్ళ మీద మరీ కోపం పెట్టుకోలేదు. అప్పుడు పెట్టుకున్నా, ఇప్పుడు లేదు.

వాళ్ళ పొరపాటు ఎక్కడంటే కోడును చదివిన తీరులో. కోడ్లలో మొదటి అక్షరం పి అంటే ఇంజన్ గేర్లు, సి అంటే బ్రేకు చాసిస్, బి అంటే బాడీ, యు అంటే పెట్టెల మధ్య మాటలు. నా బండిలో వచ్చింది యు0100. ఇంజన్ పెట్టెతో సంబంధం తెగింది అని దాని అర్థం. ఈ కోడు పెట్టింది ఇంజన్ పెట్టె కాదు, మిగతా పెట్టెలు. పంచాయతీలో "ఫలానాయన పలకడం లేదు" అని నలుగురు ఫిర్యాదు చేసినారు. దాన్ని పట్టుకోని "ఫలానాయన సచ్చిపోయినాడు, కొత్తాయన్ను తీసుకురండి" అన్నారు వీళ్ళు. ఆయన ఇంట్లో మంచిగానే ఉండొచ్చు, ఇంటి నుంచి రచ్చబండకు దారే తెగి ఉండొచ్చు, ఇంట్లో కరెంటే పోయి ఉండొచ్చు.

పెద్దాయన చేసింది ఇది. ముందు స్కానర్‌తో ఎవరెవరు పలుకుతున్నారో రాసుకున్నాడు. ఏబీఎస్ పలికింది, మీటర్ బోర్డు పలికింది, ఇంజన్ పెట్టె ఒక్కటి ఒకసారి పలుకుతాంది ఒకసారి పలకదు. అందరూ మూగపోతే రెండు తీగలూ కలిసిపోయినట్టో, ఒకటి బ్యాటరీకో బాడీకో తగిలినట్టో అనుమానించాల. ఒక్కరే మూగపోతే ఆ ఒక్కరి ఫ్యూజు, ఎర్తు, కనెక్టరు, అక్కడి తీగ చూడాల. ఫ్యూజు, ఎర్తు బాగున్నాయి.

తర్వాత బ్యాటరీ మైనస్ తీసేసి, పెట్టెలన్నీ నిద్రపోయేదాకా ఒక బీడీ కాలేంత సేపు ఆగినాడు. మీటరు ఓముల మీద పెట్టి 6, 14 రంధ్రాల మధ్య చూసినాడు. 60 వచ్చింది. రెండు 120లు పక్కపక్కన కలిస్తే 60 కదా, రెండు బోర్లు ఒకే పైపులో పోసినట్టు. 60 అంటే రెండు కొసలూ బాగున్నట్టు. "మరి బాగుంది కదన్నా" అన్నా. ఆయన మాట్లాడలేదు. నన్ను బానెట్ కింద తీగల కట్ట పట్టుకోని ఊపమన్నాడు. ఇంజన్ వెనక గోడ దగ్గర చెయ్యి పడ్డప్పుడు మీటరు టక్కున 120కి పోయింది. వదిలితే 60. మళ్ళీ ఊపితే 120.

ఒక కొస రెసిస్టరు ఇంజన్ పెట్టెలోనే ఉంటాది నా బండిలో. 120 అంటే ఆ కొస తెగిపోయినట్టు, అటు మీటర్ బోర్డు కొస ఒక్కటే మిగిలినట్టు. టేపు విప్పి చూస్తే ఎలక కొరికిన గాటు. పైన ప్లాస్టిక్ పోయి, రాగి పచ్చగా చిలుము పట్టి, నాలుగైదు పోగులు మాత్రం పట్టుకోని ఉన్నాయి. ఎండకు, ఊపుకు అవి విడిపోతాయి, నిలబడితే మళ్ళీ తగులుకుంటాయి. బుడ్డల రాశి పక్కన బండి పెట్టిన పాపం నాదే. ఇంజన్ పెట్టె మాట వినపడకపోయేసరికి మీటరు ముల్లు పడిపోయింది. కీ అసలుదో కాదో చెప్పే మాట అటు పోలేదు కాబట్టి మళ్ళీ స్టార్ట్ కాలేదు.

చిలుము పట్టినంత మేరా కత్తిరించి, కొత్త ముక్క సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగి, మెలిక మళ్ళీ అట్లే ఏసినాడు. ఎనిమిది వందలు తీసుకున్నాడు. నేను వెయ్యి ఇస్తే రెండొందలు వెనక్కిచ్చినాడు.

ఓముల లెక్కతో తెగిన చోటు పట్టడం ఈయన కనిపెట్టింది కాదు, బాష్ కనిపెట్టిందీ కాదు. నూటయాభై ఏళ్ళ కింద తంతి తీగలు, సముద్రంలో కేబుళ్ళు తెగినప్పుడు ఒడ్డునే కూర్చోని నిరోధం కొలిచి ఎన్ని మైళ్ళ దూరంలో తెగిందో చెప్పేవాళ్ళు. మన బోరు మోటారు కాలిందా కేబులు కాలిందా అని పైన నిలబడి మెగ్గరు పెట్టి చూస్తామే, ఆ వంశమే ఇదీ.

ఇంకో మాట, మీటరు పట్టుకునే కుర్రోళ్ళ కోసం. అన్ని బండ్లలోనూ 6, 14 దగ్గర 60 రావాలని లేదు. కొత్త కార్లలో మధ్యలో గేట్‌వే అనే పెట్టె కాపలా ఉంటాది, దాని వెనక వేరే తీగలు ఉంటాయి. పాత బండ్లలో 7వ రంధ్రంలో ఒంటి తీగతో మాట్లాడేవి ఉన్నాయి. బండి సర్క్యూట్ బొమ్మ లేకుండా పెట్టెల్లోకి 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు గుచ్చొద్దు, ఉన్న పెట్టె నిజంగానే సస్తాది.

నీళ్ళు కూడా ఎలకంత శత్రువే. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఊరి మీదికి వచ్చినప్పుడు మన వైపు బండ్లు చానా వరకు పాత రకమే. బురద కడిగి, ఆయిల్ మార్చి, నడిపినారు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊర్ల మీద పడే నాటికి బండ్లు మారినాయి. మునిగిన కనెక్టరు ఆ రోజు ఆరితే పనిచేస్తాది, నెలల తర్వాత లోపల చిలుము పట్టి మూగపోతాది. మునిగిన సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు సీటు కింద కనెక్టర్లు విప్పి చూసి కొనండి.

ఇది కార్లోళ్ళ గొడవ మనకెందుకు అనుకునేవాళ్ళు ఉంటారు. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు కొత్త పొగ నియమాలు వచ్చినాయి. అంటే వాటిలోకి ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చేసినాయి. లారీలు, ట్రాక్టర్లు వాడే భాష పేరు జే1939, అది క్యాన్ మీద కట్టిందే. పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారయ్యి దేశాలు పోతున్నాయి. ఒక్కో కారులో ఇట్లాంటి పెట్టెలు ఎన్నో. మన సీమలో తయారయ్యేదాన్ని మన సీమలో బాగుచేసే కుర్రోళ్ళు మండలానికి ఇద్దరన్నా ఉండాల కదా. ఐటీఐల్లో ఇంకా కార్బురేటర్ విప్పించే చోట్లున్నాయి.

దీంట్లో హక్కుల గొడవ కూడా ఉంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లో చట్టం చేసింది, కంపెనీ వర్క్‌షాపుకు ఇచ్చే రిపేరు సమాచారం బయటోళ్ళకూ అమ్మాలని. 2023 జనవరిలో అక్కడి రైతు సంఘం ఫార్మ్ బ్యూరో, జాన్ డీర్ కంపెనీ ఒప్పందం రాసుకున్నాయి, రైతుకూ బయటి మెకానిక్కుకూ పరికరాలు, పుస్తకాలు అందేటట్టు. మన కేంద్రం 2022లో దీనికి కమిటీ వేసి, ఆ డిసెంబరులో ఒక వెబ్‌సైట్ తెరిచింది, అందులో వ్యవసాయ పరికరాలూ ఒక భాగం. వెబ్‌సైట్ వేరు, చట్టం వేరు.

పోయిన వారం మా పక్క చేని ఆయన కొత్త ట్రాక్టర్ దున్నతా దున్నతా గెనిం మీద నిలబడిపోయింది, తెర మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు. షోరూముకు ఫోన్ చేస్తే ఎల్లుండి వస్తామన్నారు. వాన మబ్బు పట్టి ఉంది. నేను మీటరు తీసుకోని పోయినా. దానికి తొమ్మిది రంధ్రాల గుండ్రటి సాకెట్, సి, డి అని రాసిన రెండు రంధ్రాల మధ్య చూడాల. బ్యాటరీ తీసి పెడితే 60. సరే, దారి బాగుంది, ఇంట్లో కరెంటు చూద్దామని ఫ్యూజుల డబ్బా తెరిచినాం. ఇంజన్ పెట్టెదని రాసిన ఫ్యూజు కాలి ఉంది. ట్రాలీ లైటు కోసమని ఎవరో దాని మీది నుంచే వైరు లాగినారు. ఆ వైరు పీకి, కొత్త ఫ్యూజు పెట్టి, బ్యాటరీ తగిలించి కీ తిప్పితే అందుకుంది. చీకటి పడేలోపల రెండెకరాలు అయింది.